టీ-17లో పావు వంతు మనది



ఈ మధ్య ఒక తమ్ముడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. "అన్నా, డిగ్రీ అయిపోయింది, ఊళ్ళో పందుల ఫారం పెడదామనుకుంటున్నా. తిరుపతిలో టీ-17 అని ఒక రకం తయారు చేశారంట గదా, మంచిదేనా?" అని. మంచిదా కాదా అని రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ దాని గురించి చదువుతూ పోతే ఆ పంది కథ, మన ఎరుకలోళ్ళ కథ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనపడ్డాయి. అందుకే ఇంత పొడుగు పోస్టు పెడుతున్నాం. ఓపిగ్గా చదవండి. యానాది, సుగాలి మిత్రులు కూడా చదవండి, ఇందులో అందరికీ పనికొచ్చే లెక్క ఒకటుంది.

ముందు పేరు సంగతి చూద్దాం. పూర్తి పేరు ఎస్‌వీవీయూ టీ-17. ఎస్‌వీవీయూ అంటే తిరుపతిలో ఉండే శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం. ఈ సంకర రకాన్ని తయారు చేసింది అక్కడే. దాని రక్తంలో 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే ఇంగ్లండు తెల్ల పందిది. మనోళ్ళు సీమపంది అనేది దాన్నే. మిగిలిన 25 శాతం 'దేశవాళి'ది. ఆ ముప్పావు వంతుకి ఊరుంది, పేరుంది, పుట్టిన కాలం ఉంది, వంశావళి పుస్తకం కూడా ఉంది. పావు వంతుకి మాత్రం 'దేశవాళి' అన్న ఒక్క మాటతో సరిపెట్టారు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఆ దేశవాళి నల్లపందిని తరతరాలుగా మేపింది ఎవరు? ముఖ్యంగా మనవాళ్ళే గదా. ఆ పావు వంతు దగ్గర్నుంచే మొదలుపెడదాం.

మనలో చాలామంది ఎరుకలోళ్ళంటే పందులోళ్ళు అనే మాట హాస్టల్లో వినే ఉంటారు. తిట్టుగా కూడా వినుంటారు. నిజానికి మన తాతల తాతలు బతికింది పందుల మీద ఒక్కదాని మీదే కాదు. సముద్రం ఒడ్డున ఉప్పు కొని గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని కనుమలెక్కి లోపలి ఊళ్ళకు చేర్చేవాళ్ళు. అక్కడ ధాన్యం తీసుకుని తిరిగొచ్చేవాళ్ళు. ఉప్పు ఎరుకలోళ్ళు అనే పేరు ఇప్పటికీ ఉంది గదా, అది ఆ వ్యాపారం గుర్తే. కొందరు అడవిలో వెదురు తెచ్చి బుట్టలు, తట్టలు అల్లేవాళ్ళు, వాళ్ళు దబ్బ ఎరుకలోళ్ళు. కొందరు కరివేపాకు అమ్మేవాళ్ళు. మన అవ్వలు ఎరుక చెప్పేవాళ్ళు. పంది వీటన్నిటి పక్కన ఉండేది.

ఉప్పు బాటను రైలు మింగింది. మద్రాసు నుంచి రేణిగుంట మీదుగా కడప వైపు పోయే లైను 1860లలో పడింది. గాడిదల గుంపు వారాలు నడిచి చేర్చే ఉప్పును రైలు రెండు రోజుల్లో చేరవేసింది. ఆ తర్వాత 1876-78 కరువు. మద్రాసు ప్రెసిడెన్సీ చూసిన ఘోరమైన కరువుల్లో అదొకటి, రాయలసీమ నలిగిపోయింది. తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి వెదురు నరకాలంటే కూడా అనుమతి కావాల్సొచ్చింది. ఇరవై ఏళ్ళలో మూడు దెబ్బలు. మన మద్రాసు కొరవల చరిత్ర మీద మీనా రాధాకృష్ణ గారు ఒక పుస్తకం రాశారు, 2001లో వచ్చింది. ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు లైబ్రరీలో వెతికి చదవండి. తిరిగి బతికే జనం చేతిలో ఉన్న పని పోతే ప్రభుత్వం వాళ్ళని ఏ కళ్ళతో చూసిందో అందులో బాగా తెలుస్తుంది.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి కొన్ని తీసుకుని కలిపారు. నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది కూడా అదే 1911లో. జిల్లా పుట్టిన ఏడాదే మనవాళ్ళ మీద ఆ ముద్ర పడింది. చట్టం కింద చేర్చిన గుంపులవాళ్ళు వేలిముద్రలివ్వాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. స్టువర్టుపురం, కావలి లాంటి సెటిల్‌మెంట్ల కథ మీకు తెలిసిందే, మళ్ళీ ఇక్కడ చెప్పం. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న పోయింది.

తిరగనివ్వని జనానికి, భూమి లేని జనానికి, ఎవరూ అప్పివ్వని జనానికి ఏం మిగులుతుంది? ఇక్కడే నల్లపంది విలువ అర్థమవుతుంది. ఆవుకి గడ్డి బీడు కావాలి. గొర్రెల మందకి మేత పొలాలు కావాలి. నల్లపందికి ఏమీ అక్కర్లేదు. పొద్దున్నే వదిలేస్తే ఊరి చెత్త, చెరువు గట్టు మీది దుంపలు, వేరుశనక్కాయ తవ్వేసిన చేలల్లో మిగిలిన కాయలు, మామిడి కాలంలో రాలిన పళ్ళు తిని కడుపు నింపుకుంటుంది. సాయంత్రం ఇంటి ముందు కుడితిలో ఇంత తవుడు కలిపి పోస్తే ఏ వీధిలో ఉన్నా పరిగెత్తుకొస్తుంది. ఈనేటప్పుడు డాక్టరు అవసరం లేదు. తనే గడ్డీ గాదం పోగేసుకుని గూడు కట్టుకుని, అందులో ఐదారు పిల్లల్ని వేస్తుంది. పెళ్ళికో, ఆసుపత్రికో, పిల్లల ఫీజుకో డబ్బు కావాలంటే ఒకదాన్ని అమ్మితే సరి. అది మనవాళ్ళ బ్యాంకు.

అయితే "వదిలేసి మేపుకునేవాళ్ళు, వాళ్ళకేం తెలుసు" అని చదువుకున్నోళ్ళు రాస్తుంటారు. ఆ మాటను మేము ఒప్పుకోం. ఎవరి పందికి వాళ్ళు చెవి కోసి గుర్తు పెట్టేవాళ్ళు. ఎడమ చెవి కొసన ఒక గాటు ఒక ఇంటిది, కుడి చెవి కింద రెండు గాట్లు ఇంకో ఇంటిది. ఇప్పుడు పెద్ద పెద్ద ఫారాల్లో కూడా పందికి నంబరు వేయడానికి చెవి గాట్లు పెడతారు, ఆ పద్ధతికి ఇంగ్లీషు పేరొకటి తగిలించారు, అంతే. మగపిల్లల్లో చాలావాటికి చిన్నప్పుడే విత్తులు తీసేసేవాళ్ళు. దానివల్ల మాంసానికి వాసన రాదు, పంది ఊరికే తిరగదు. చురుగ్గా, నిండుగా ఉన్న ఒకటి రెండు పోతుల్నే విత్తనానికి వదిలేవాళ్ళు. పెంచాల్సిందేదో ఎంచుకోవడమంటే అదే గదా. పశువుల జాతులు బాగుపడింది ఎక్కడైనా ఆ పనితోనే.

ఇక ముప్పావు వంతు కథ. ఇది కూడా వినదగ్గదే.

1851లో ఇంగ్లండులోని విండ్సర్‌లో పెద్ద వ్యవసాయ ప్రదర్శన జరిగింది. దానికి జోసెఫ్ ట్యూలీ అనే ఆయన తన తెల్ల పందుల్ని తీసుకొచ్చాడు. ఆ సైజు పందిని అంతకుముందు చూడనివాళ్ళు నోరెళ్ళబెట్టారు. లార్జ్ వైట్ పేరు మోగింది అప్పట్నించే. ఆ ట్యూలీ జమీందారు కాదు, భూస్వామి కాదు. యార్క్‌షైర్‌లోని కీత్లీ ఊళ్ళో మగ్గం నేసే పనివాడు. ఇంటి వెనక పందుల్ని పెంచుకునే కార్మికుడు. పిల్లల్ని పుట్టించి, మంచివి దాచి, మిగిలినవి అమ్ముకునేవాడు. మన దబ్బ ఎరుకల తాత బుట్టలల్లుతూ దొడ్లో పంది పెంచినట్టే. తేడా ఏంటంటే ఆయన పేరు చరిత్రలో రాశారు. 1884లో అక్కడ పందుల పెంపకందారుల సంఘం పెట్టి వంశావళి పుస్తకం కూడా మొదలుపెట్టారు.

ఇంకో సంగతి. ఆ తెల్ల పంది కూడా 'స్వచ్ఛమైన' జాతి కాదు. 18వ శతాబ్దంలో ఓడల మీద దక్షిణ చైనా పందులు ఇంగ్లండుకి చేరాయి. తొందరగా కొవ్వు పట్టేవి, ఎక్కువ పిల్లల్ని వేసేవి. అక్కడి పాత పొడుగు కాళ్ళ పందులతో వాటిని దాటించారు. యూరప్ పందులు అలా చైనా రక్తంతో మారాయని డార్విన్ 1868లో అచ్చయిన పుస్తకంలోనే రాశాడు. అంటే మన తిరుపతి టీ-17లో ఇంగ్లండు, చైనా, చిత్తూరు మూడూ కలిసున్నాయన్నమాట. జాతి శుద్ధి గురించి ఎవరైనా మీ దగ్గర మాట్లాడితే ఈ పందిని చూపించండి.

సీమపంది మన దగ్గరికి ప్రభుత్వ పథకంగా వచ్చింది. రెండో పంచవర్ష ప్రణాళిక (1956-61) నాటికి ఢిల్లీలో ఒక ఆలోచన ఉంది. దేశంలో ఆహారం చాలడం లేదు, పంది తొందరగా పెరుగుతుంది, తొందరగా పిల్లల్ని వేస్తుంది, విదేశీ జాతులు తెచ్చి ప్రాంతీయ కేంద్రాలు పెడితే చవగ్గా మాంసం వస్తుంది అని. అలా అలీఘర్, హరిణ్‌ఘాటా, బోరివలి లాంటి చోట్ల పందుల పెంపక కేంద్రాలూ, వాటి పక్కనే మాంసం తయారు చేసే బేకన్ ఫ్యాక్టరీలూ వచ్చాయి. మన రాష్ట్రానికి వచ్చింది కృష్ణా జిల్లా గన్నవరంలో. పంది మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి పొగ పట్టించి అమ్మేదాన్ని బేకన్ అంటారు. దాన్ని కొనేది పెద్ద హోటళ్ళూ పట్నం జనమూ. పందిని మేపే జనం తినేది, అమ్మేది అది కాదు. ఆ కేంద్రాల లెక్కలో మనం ఎక్కడున్నామో ఇక్కడే కొంత అర్థమవుతుంది.

తిరుపతికొద్దాం. ఇక్కడ పశువైద్య కళాశాల 1955లో పుట్టింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందకు పోయింది. 2005లో పశువైద్యానికి వేరే విశ్వవిద్యాలయమే వచ్చింది. నాలుగో ప్రణాళికలో, 1970-71లో, భారత వ్యవసాయ పరిశోధనా మండలి పందుల మీద దేశమంతా కలిపి ఒక పరిశోధన పథకం మొదలుపెట్టింది. మొదట నాలుగే కేంద్రాలు: ఇజ్జత్‌నగర్, జబల్‌పూర్, అస్సాంలోని ఖానాపారా, మన తిరుపతి. దక్షిణాదిలో మొదటిది తిరుపతే.

ఇక్కడో చిన్న మాట. తిరుమలలో స్వామి పుష్కరిణి ఒడ్డున వరాహస్వామి గుడి ఉంది. ముందు ఆయన్ని చూసుకున్నాకే వెంకన్న దర్శనం అనేది ఆనవాయితీ. పైన కొండ మీద తొలి మొక్కు వరాహానికి. కింద ఊళ్ళో వరాహాన్ని మేపినోడికి అద్దె ఇల్లు దొరకదు. ఇది తెలిసిందే, కానీ చెప్పకుండా ఉండలేకపోయాం.

మొదట ఆ కేంద్రాల్లో వేసుకున్న ప్రశ్న ఏమిటంటే, తెల్ల పంది మన వాతావరణంలో ఎలా బతుకుతుంది అని. పందికి చెమట పట్టదు. ఒంటి వేడి దించుకోవాలంటే బురదలోనో నీళ్ళలోనో పొర్లాలి. నల్లతోలు, దాని మీద ముళ్ళలాంటి వెంట్రుకలు ఉన్న మన పంది మే నెల ఎండను కూడా తట్టుకుంటుంది. తెల్ల పంది తోలు ఎండకు కమిలిపోతుంది, రొప్పుతుంది, మేత తినడం తగ్గిస్తుంది, ఎదకు రావడం కూడా దెబ్బతింటుంది. మరోపక్క మన పందిని ఎంత మేపినా ఏడాదికి 40, 50 కిలోలు దాటడం కష్టం. ఈతకు ఐదారు పిల్లలు. సీమపంది ఈతకు పది దాకా వేస్తుంది, పెరుగుదల రెట్టింపు. ఒకదానికి గట్టితనం, ఇంకోదానికి పెరుగుదల. రెండూ కలపాలి.

కలపడం ఎలాగో కాస్త నిదానంగా చెప్పుకుందాం. ఫారం పెట్టాలనుకునేవాళ్ళకి అసలు పనికొచ్చేది ఇదే.

నాటు ఆడపందికి యార్క్‌షైర్ మగపందిని దాటిస్తారు. చూడి కాలం 114 రోజులు, మనవాళ్ళ లెక్కలో మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. పుట్టిన పిల్లల్లో చెరి సగం. ఆ సగం సగం ఆడపిల్లలు పెద్దయ్యాక మళ్ళీ వేరే యార్క్‌షైర్ మగదాన్ని దాటిస్తే ముప్పావు, పావు పిల్లలు పుడతాయి. ప్రతిసారీ సీమది మగదే ఎందుకు? ఒక మగపంది పది పదిహేను ఆడపందులకు సరిపోతుంది కాబట్టి. ఖరీదైనది ఒక్కటి తెస్తే చాలు, ఊళ్ళో ఉన్న తల్లుల్నే వాడుకోవచ్చు. అంటే ఈ సంకరంలో తల్లి పక్కన మన నల్లపంది ఉంది. పావు వంతు అన్నది అమ్మమ్మ వాటా.

మొదటి తరం సంకరానికి ఒక లాభముంది. తల్లిదండ్రులిద్దరి సగటు కంటే పిల్లలు ఎక్కువ చురుగ్గా ఉంటాయి. దీన్ని సంకర తేజం అంటారు. ఈతకు పడే పిల్లల సంఖ్య, పుట్టినవాటిలో బతికేవి, తల్లి పాలు, వీటిలో అది బాగా కనపడుతుంది. రెండో మెట్టు ఎక్కి 75 శాతానికి వెళ్ళేసరికి ఆ తేజం సగానికి తగ్గుతుంది, కానీ సీమ రక్తం పెరిగినందుకు ఎదుగుదల పెరుగుతుంది. ఇంకా పైకెళ్తే ఎండకు, జబ్బుకు తట్టుకునే గుణం పోతుంది. అందుకే 50కీ 75కీ మధ్య ఎక్కడ ఆగాలి అనే చర్చ అన్ని చోట్లా జరిగింది. రాంచీలో ట్యామ్‌వర్త్ జాతిని నాటు పందితో చెరి సగం కలిపి ఆపారు, ఆ రకాన్ని ఝార్‌సుక్ అంటారు. అస్సాంలో హాంప్‌షైర్‌తో 75 శాతం దాకా పోయారు. మన తిరుపతిలో యార్క్‌షైర్‌తో 75 దగ్గర ఆగారు. కేరళ మన్నుత్తిలోనూ అంతే.

ఆగాక అసలు పని మొదలవుతుంది. 75 శాతం పందుల్ని 75 శాతం పందులతోనే దాటిస్తూ తరాల కొద్దీ ఎంపిక చేయాలి. మొదటి తరాల్లో ఒకే ఈతలో ఒకటి తెల్లగా, ఒకటి మచ్చలతో, ఒకటి తాతమ్మలా నల్లగా, సన్నగా పుడుతుంది. ఎనిమిది వారాలకు పాలు మాన్పించినప్పుడు తూకం వేసి, ఏ తల్లి ఎన్ని కన్నది, ఎన్నిటిని బతికించింది, ఏ పిల్ల ఎంత పెరిగింది అని రాసుకుని, మంచివాటినే తర్వాతి తరానికి ఉంచాలి. ఇది నలభై యాభై ఏళ్ళ పుస్తకాల పని. అలా నిలబడిందే టీ-17. బాగా మేపితే ఇలాంటి సంకర రకాలు ఈతకు ఎనిమిది తొమ్మిది పిల్లల్ని వేస్తాయి, ఎనిమిది పది నెలల్లో 70, 80 కిలోలకు వస్తాయి. నాటు పందితో పోలిస్తే ఒక తల్లి మీద ఏడాదికి వచ్చే మాంసం రెండింతలు దాటుతుంది. ఇది చిన్న విషయం కాదు. శాస్త్రవేత్తల కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు.

కానీ "బాగా మేపితే" అన్న రెండు మాటలు చూశారు గదా, మన కథ అక్కడే ఇరుక్కుంది.

నల్లపంది తన మేత తనే వెతుక్కుంటుంది. టీ-17ని వీధిలో వదిలితే అది పెరగదు, దాని 75 శాతం పనిచేయదు. కిలో బరువు పెరగాలంటే దానికి మూడున్నర నుంచి నాలుగు కిలోల దాణా కావాలి. 80 కిలోల పందికి సుమారు 300 కిలోల దాణా. కిలో 30 రూపాయలనుకున్నా తొమ్మిది వేలు, ఒక్క పందికి. పదికి తొంభై వేలు, అమ్మేదాకా ఎదురు పెట్టుబడి. పందుల ఫారంలో ఖర్చులో 70 శాతం దాకా మేతకే పోతుంది. దాని మీద షెడ్డు, సిమెంటు నేల, బోరు నీళ్ళు, ఎండాకాలం తడపడానికి పైపులు. వీటన్నిటికీ ముందు కావాల్సింది షెడ్డు వేసుకునే స్థలం, అదీ ఊరికి దూరంగా.

మనవాళ్ళ దగ్గర లేనిదే అది. మనం పందిని పట్టుకుంది భూమి లేకపోబట్టి. కొత్త పంది భూమి ఉన్నోడికే లొంగుతుంది. పంది బాగుపడింది, దాన్ని పెంచగలిగేవాడు మారిపోయాడు. ఇప్పుడు పెద్ద తెల్ల పందుల ఫారాలు పెడుతున్నవాళ్ళలో తోటలు, బోర్లు, కార్లు ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మంచిదే, ఈ పనికి ఉన్న అంటు కొంత పోతుంది. కానీ అదే ఫారంలో పేడ ఎత్తే కూలీగా మనోడు కనపడితే మాకు గుండెల్లో కలుక్కుమంటుంది.

ఇంకోపక్క వీధి పంది బతుకు ముగిసిపోతోంది. దానికి కారణాలు లేకపోలేదు, మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. మెదడువాపు జ్వరం మనుషుల్లో మన దేశంలో మొదట బయటపడింది మన పక్కనున్న వెల్లూరు ప్రాంతంలో, 1955లో. 1999లో మన రాష్ట్రంలో ఆ జ్వరం వచ్చి పిల్లలు చనిపోయారు. ఆ వైరస్ వరిమడుల్లో పెరిగే క్యూలెక్స్ దోమలతో, కొంగల లాంటి నీటి పక్షులతో తిరుగుతుంది. పంది ఒంట్లో అది బాగా పెరుగుతుంది, అక్కడి నుంచి దోమ మనిషికి అంటిస్తుంది. ఇది నిజం. బయట మలం తినే పంది మాంసంలో బద్దెపురుగు తిత్తులు ఉంటాయి, సరిగా ఉడకని అలాంటి మాంసం తింటే పురుగు కడుపులో చేరుతుంది. ఆ పురుగు గుడ్లు నోట్లోకి పోతే మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ కూడా వస్తాయి. ఇదీ నిజమే. కాబట్టి ఇళ్ళ మధ్య పందులు వద్దనడం తప్పని మేము వాదించం. మా వాదన ఒకటే. దోమను, తెరిచిన కాలవను, మరుగుదొడ్డి లేకపోవడాన్ని ఎవరూ అరెస్టు చేయలేదు. పందిని మాత్రం లారీ ఎక్కించారు. మాలో ఒకరి ఇంట్లో అలాగే జరిగింది. ఒక పట్టణంలో తెల్లవారుజామున బండి వచ్చి పదకొండు పందుల్ని పట్టుకుపోయింది. అందులో రెండు చూడివి. ఒక్క కాగితం ఇవ్వలేదు. ఆ ఏడాది ఆ ఇంట్లో అక్క ఇంటర్ మానేసింది.

సరే, పథకాలు లేవా? ఉన్నాయి. జాతీయ పశుసంపద మిషన్‌ను 2021లో మార్చారు. అందులో పందుల ఫారానికి పెట్టుబడిలో 50 శాతం సబ్సిడీ. 50 ఆడపందులు, 5 మగపందుల యూనిట్‌కి 15 లక్షల దాకా, 100 ఆడపందులు, 10 మగపందులకు 30 లక్షల దాకా. చదవగానే కళ్ళు మెరుస్తాయి. ఇంకోసారి చదవండి. చిన్న యూనిట్ అంటేనే 50 ఆడపందులు. మిగతా సగం బ్యాంకు లోనో, చేతి డబ్బో చూపించాలి. స్థలం కాగితాలు చూపించాలి. మన కాలనీలో నాలుగు ఆడపందులున్న ఇల్లు ఆ తలుపు గొళ్ళెం కూడా అందుకోలేదు. గన్నవరం బేకన్ ఫ్యాక్టరీ నాటి తప్పే మళ్ళీ ఇక్కడ కనపడుతోంది. పంది గురించి ఆలోచించారు, పందిని మేపే ఇంటి గురించి ఆలోచించలేదు.

లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. 2012 పశుగణనలో దేశంలో పందులు కోటీ 3 లక్షలు. 2019కి 90 లక్షల 60 వేలు. ఏడేళ్ళలో 12 శాతం తగ్గాయి. ఇన్నేళ్ళ సంకర కార్యక్రమాల తర్వాత కూడా మొత్తంలో సంకర, విదేశీ పందులు అయిదో వంతే. మిగిలినవన్నీ ఇంకా నాటువే. అంటే ఈ దేశంలో పందిని ఇప్పటికీ మోస్తోంది చిన్న చేతులే, ఆ చేతులు ఒక్కొక్కటే వదిలేస్తున్నాయి.

మనలో కొందరు పెద్దలు, ఉద్యోగాలు వచ్చినవాళ్ళు, "వదిలేస్తే మంచిదే, ఆ పని వల్లే మనకి ఆ పేరు" అంటారు. వాళ్ళ బాధ మాకు తెలుసు. ఆఫీసులో పక్క సీటువాడికి ఊరు పేరు చెప్పడానికి వెనకాడిన రోజులు మాకూ ఉన్నాయి. కానీ మురికి మనకు అంటింది పంది వల్ల కాదు, స్థలం లేకపోవడం వల్ల. ట్యూలీని యార్క్‌షైర్‌లో ఎవరూ పందోడు అనలేదు. ఇష్టం లేనివాళ్ళు వదిలేయండి, చదువుకోండి, తప్పేం లేదు. చేద్దామనుకునేవాళ్ళని మాత్రం సిగ్గుపడమనకండి.

ఇక ప్రశ్న అడిగిన తమ్ముడికి. టీ-17 మంచిదే, కానీ యాభై అని మొదలుపెట్టకు. మూడు నాలుగు ఆడపిల్లలు, ఒక మగది చాలు. మగదాన్ని వాటి అన్నదమ్ముల్లోంచి తీసుకోవద్దు, వేరే చోట కొను. రెండేళ్ళకొకసారి మార్చు, లేకపోతే అది తన కూతుళ్ళనే దాటుతుంది. ఈతకు తొమ్మిది వేసేవి ఆరుకు పడిపోతే జాతి చెడిందని తిట్టుకుంటారు. చెడేది జాతి కాదు, ఇంట్లోనే రక్తం తిరగడం. తిరుపతి లాంటి ఊళ్ళో హోటళ్ళు, హాస్టళ్ళు, మెస్సుల్లో మిగిలే అన్నం చాలా ఉంటుంది, దాణా ఖర్చు తగ్గించే దారి అదే. కానీ తెచ్చింది తెచ్చినట్టు పోయొద్దు, బాగా ఉడకబెట్టి పొయ్యి. పంది జ్వరాలు ఎంగిలి మాంసం ముక్కల్లోంచే వస్తాయి.

జ్వరాల సంగతి ఇంకొంచెం. పాత పంది జ్వరానికి మన దేశంలో చాన్నాళ్ళు కుందేళ్ళ మీద పెంచిన టీకానే దిక్కు. ఒక కుందేలు నుంచి 50 డోసులే వచ్చేవి. దేశానికి ఏటా 2 కోట్ల 20 లక్షల డోసులు కావాలంటే తయారయ్యేవి 12 లక్షలు. అందుకే ఊళ్ళలో టీకా అని అడిగితే లేదనేవాళ్ళు. 2020లో ఇజ్జత్‌నగర్ సంస్థ ప్రయోగశాలలో కణాల మీద పెంచే కొత్త టీకా విడుదల చేసింది. పశువుల ఆసుపత్రిలో అడిగి వేయించు. ఆఫ్రికా పంది జ్వరం మాత్రం వేరు. 2020లో మన దేశానికి ఈశాన్యం వైపు నుంచి వచ్చింది, 2022 జులైలో కేరళ వాయనాడ్‌లో బయటపడింది. దానికి ఇక్కడ టీకా లేదు. వచ్చిందంటే ఫారంలో ఉన్నవన్నీ పోతాయి, మిగిలినవాటిని ప్రభుత్వమే చంపేస్తుంది. నల్లదీ తెల్లదీ సంకరం అన్నిటికీ ఒకటే. కొత్తగా కొన్నదాన్ని నెల రోజులు వేరే కట్టేసి పెట్టు, బయటి పందుల వ్యాపారిని దొడ్లోకి రానివ్వొద్దు.

స్థలం విషయంలో ఒంటరిగా తిరగొద్దు. కాలనీలో పది ఇళ్ళు కలిసి, ఊరికి దూరంగా అందరికీ ఒకే చోట స్థలం అడుగుతూ అర్జీ పెట్టండి. యాభై ఆడపందుల లెక్క పది ఇళ్ళు కలిస్తే ఇంటికి అయిదు, అప్పుడు ఆ పథకం తలుపు కూడా కొంచెం కిందికి దిగుతుంది. అర్జీ రాయడానికి సాయం కావాలంటే గ్రూపులో చెప్పండి. మనలో బీవీఎస్సీ చదువుతున్నవాళ్ళు, చదివినవాళ్ళు కూడా ముందుకు రండి.

చివరిగా అందరికీ ఒక పని. 1970ల నాటికి మీ తాతలు, అవ్వలు తిరుపతి, చంద్రగిరి, పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు పందులు మేపుతూ ఉండుంటే, ఇప్పుడే పోయి వాళ్ళ పక్కన కూర్చుని అడగండి. ఏ రంగు పందులు, ఈతకు ఎన్ని వేసేవి, చెవికి ఏ గాటు పెట్టేవాళ్ళు, విత్తనం పోతును ఎలా ఎంచేవాళ్ళు, కాలేజీ ఫారం వాళ్ళు ఎప్పుడైనా వచ్చి నల్ల ఆడపిల్లల్ని కొనుక్కుపోయారా, ఎంతకి కొన్నారు. ఫోనులో వాళ్ళ గొంతు రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. మన భాషలో చెప్తే మన భాషలోనే పెట్టండి, మేము తెలుగులో రాసుకుంటాం.